పండగ చాక్లెట్ల రేపర్లు దాచేవాళ్ళున్నారా? పాతవీ కొత్తవీ అన్నీ ఇక్కడ మాట్లాడుకుందాం

న్యూజెర్సీ పద్మ
శనివారం, ఉదయం 8:12

హాలోవీన్ అయిపోయింది. ఇక్కడి షాపుల్లో నారింజ, నలుపు రంగుల ప్యాకెట్లన్నీ సగం ధర చీటీ అతికించి ఓ మూల బుట్టల్లో పోసేశారు. పక్క అరలో అప్పుడే క్రిస్మస్ ఎరుపూ ఆకుపచ్చా సర్దుతున్నారు. రేపర్లు పోగేసేవాళ్ళకి ఏడాదిలో అన్నిటికంటే హడావుడిగా ఉండే వారం ఇదే. పండగ డిజైను షాపులో కనిపించేది కొన్ని వారాలే. వచ్చే ఏడాది అదే బొమ్మ వేస్తారన్న నమ్మకం లేదు.

నేను ముఖ్యంగా దాచేది హెర్షీస్ కిస్సెస్ అనే, పైన కొస తేలిన చిన్న చాక్లెట్ల ఫాయిళ్ళు. ఈ చాక్లెట్ మొదలైంది 1907లో. అప్పట్లో ఒక్కొక్కటీ చేత్తో చుట్టేవారు. 1921లో చుట్టే మిషన్ వచ్చింది, దాంతోపాటే కొసన బయటికి వేలాడే సన్నటి కాగితం పట్టీ కూడా వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఫాయిల్‌కి రేషన్ పెట్టడంతో కొన్నేళ్ళు తయారీయే ఆగిపోయింది. అన్నేళ్ళూ వెండి రంగు ఒక్కటే. 1962 క్రిస్మస్‌కి మొదటిసారి ఎరుపు, ఆకుపచ్చ ఫాయిళ్ళు వచ్చాయి. 1968లో ఈస్టర్ కోసం లేత రంగులు, 1986లో వాలెంటైన్స్ డేకి ఎరుపూ వెండీ కలిపి వేశారు. అంటే యాభైల నాటి ఫాయిల్ ఒకటి చేతికొచ్చినా అది క్రిస్మస్‌కి తిన్నదో, మామూలు మంగళవారం తిన్నదో కాగితం చెప్పదు. 1962 తర్వాతది చెబుతుంది. నాకు ఈ పిచ్చి పట్టుకున్నదే అక్కడ.

మన తెలుగువాళ్ళలో ఇలా దాచేవాళ్ళు ఎవరున్నారో, ఏం దాస్తున్నారో చెప్పండి. ముఖ్యంగా మన దేశంలో పండగ రేపర్లు ఎప్పటినుంచి వచ్చాయి, మీ దగ్గర ఏమున్నాయి?

భాగ్యనగరం బాలు
శనివారం, ఉదయం 9:40

అక్కా, నేనున్న! మాది హైదరాబాద్. నా దగ్గర రాఖీ, దీపావళి డబ్బాల పై అట్టలు ఎక్కువున్నయి, క్యాడ్‌బరీ సెలబ్రేషన్స్‌వి. ఒక సంగతి చూస్తే మీకు మాకు తేడా తెలుస్తది. అమెరికాల పండగ వస్తే లోపలి ఫాయిల్ రంగే మారుస్తరు. మన దగ్గర పండగంతా పైడబ్బా మీదనే. రాఖీ బొమ్మ, దీపం బొమ్మ అన్నీ అట్ట మీదుంటయి. లోపల తెరిస్తే అదే డెయిరీ మిల్క్, అదే ఫైవ్ స్టార్, అదే జెమ్స్, రోజూ కిరాణా కొట్టుల దొరికే కవర్లే. అందుకే లోపలి రేపర్ ఒక్కటే దాచిపెడితే అది ఏ రాఖీదో ఎవ్వలు చెప్పలేరు. డబ్బా కూడా దాచాలె.

డబ్బా జాగ బాగ తింటది. నేనైతే అతుకు దగ్గర మెల్లగ విప్పి పలకగ చేసి పెడ్త. కత్తెర మాత్రం ముట్టిస్త లేను. ముందు బొమ్మ కత్తిరించుకుని మిగిలింది పారేసేటోళ్ళుంటరు. వెనకాలే కదా అసలు చరిత్ర ఉండేది! తయారీ తేదీ, ఫ్యాక్టరీ చిరునామా, బరువు, ధర అన్నీ వెనకనే.

కాణిపాకం క్రాస్ రోడ్డు
శనివారం, ఉదయం 11:05

చాక్లెట్ కాగితాల మాటొచ్చినాక మా చిత్తూరు పేరు ఎత్తకపోతే ఎట్లా? న్యూట్రిన్ మా ఊరిది. 1952లో పెట్టినారు. మహా లాక్టో, ఆసే, ఎక్లెయిర్స్ అన్నీ ఇక్కణ్ణించే దేశమంతా పొయ్యేవి. ఆ కాగితాలు వరసగా పెట్టుకుని కంపెనీ పేరు ఉండే సన్న అక్షరాలు చదివితే చాలు, ఒక కథ తెలుస్తుంది. 2006లో గోద్రెజ్ వాళ్ళు కొన్నారు. 2007లో హెర్షీ వచ్చి కలిసింది. 2012లో గోద్రెజ్ వాటా కూడా హెర్షీనే తీసేసుకుంది. పద్మక్కా, మీరు దాచే కిస్సెస్ కంపెనీ, మా చిన్నప్పటి మహా లాక్టో కంపెనీ కొన్నాళ్ళు ఒకే ఇల్లు. మీ ఆల్బంలో మా ఊరికి ఒక పేజీ ఇయ్యాల్సిందే.

ఇంక మన పండగ చాక్లెట్ అంటారా? జెండా పండగ! ఆగస్టు 15, జనవరి 26. బడిలో జెండా ఎగరేసినాక వరసలో నిలబెట్టి చేతిలో పెట్టే చాక్లెట్. దానికి ప్రత్యేకం కాగితం అంటూ ఉండేది కాదు, అంగట్లో పెద్ద ప్యాకెట్ కొనుక్కొచ్చి పంచేవాళ్ళు. కానీ మాకు సీజన్ అంటే అదే. ఆ రోజు కాగితాన్నే గోటితో రుద్దీ రుద్దీ అద్దం చేసి లెక్కల పుస్తకంలో పెట్టుకునేది.

న్యూజెర్సీ పద్మ
శనివారం, మధ్యాహ్నం 12:20

తమ్ముడూ, చిత్తూరుకి పేజీ కాదు, ఏకంగా ఒక భాగమే ఇస్తాను. న్యూట్రిన్ కాగితాలు పాతవి ఏవున్నా ముందూ వెనకా ఫొటోలు పెట్టు.

జెండా పండగ సంగతి చదివాక నాకొకటి అనిపిస్తోంది. సీజన్ అనేది కంపెనీ అచ్చు వేస్తేనే కాదు, తిన్నవాళ్ళు పెట్టుకుంటే కూడా వస్తుంది. కాకపోతే అచ్చు వేసింది వందేళ్ళ తర్వాత కూడా తనంతట తాను చెప్పుకుంటుంది. మనం పెట్టుకున్నది మాత్రం మనం రాసి పెట్టకపోతే మనతోనే పోతుంది. కాబట్టి నాది ఒకటే విన్నపం. ఏ కాగితం దాచినా, దాన్ని పెట్టే కవరు మీద ఏ ఊరు, ఏ ఏడు, ఏ సందర్భం, ఎవరిచ్చారు అన్న నాలుగు ముక్కలు రాయండి. రేపరు మీద మాత్రం రాయకండి.

లీడ్స్ నుంచి యానాం
శనివారం, మధ్యాహ్నం 1:15

ఇంగ్లండ్ నుంచి నా వంతు. ఇక్కడ క్రిస్మస్ అంటే క్వాలిటీ స్ట్రీట్ డబ్బా. 1936లో మాకింతోష్ వాళ్ళు హాలిఫాక్స్‌లో మొదలెట్టారు, మాకు పక్క ఊరే. ఒక్కో రకానికి ఒక్కో రంగు. ఊదా రంగు ఒకటుంది, లోపల హేజెల్‌నట్. ఇంటింటా దానికోసం చిన్నసైజు యుద్ధాలే జరుగుతాయి. పైన రంగు పారదర్శక కాగితం, లోపల ఫాయిల్. పిల్లలు ఆ పైకాగితం కంటికి అడ్డం పెట్టుకుని ఇల్లంతా ఊదాగా, ఎర్రగా చూసుకుంటూ తిరిగేవారు. 2022లో ఆ రెండూ తీసేసి మైనం పూతలాంటి పూత ఉన్న కాగితంలోకి మార్చారు, రీసైకిల్ చేయడానికి వీలుగా. పదకొండు రకాల్లో తొమ్మిది కాగితంలోకి వెళ్ళాయి. ఆకుపచ్చ త్రికోణం, ఆరెంజ్ క్రంచ్ మాత్రం ఫాయిల్‌లోనే ఉండిపోయాయి. పర్యావరణానికి మంచిదే, నేను కాదనను. కానీ కొత్త కాగితంలోంచి వెలుగు రాదు. ఇప్పుడు పుట్టిన పిల్లలకి ఊదా రంగు ఇల్లు చూసే సరదా లేదు. పాత సెట్లు ఉన్నవాళ్ళు పోగొట్టుకోకండి.

ఇక్కడ యార్క్‌లో పుట్టిన ఇంకోటి కిట్‌క్యాట్. 1935లో వేరే పేరుతో వచ్చింది, 1937లో ఈ పేరు పెట్టారు. యుద్ధం రోజుల్లో పాలు దొరక్క నల్ల చాక్లెట్‌తో చేయాల్సి వచ్చినప్పుడు ఎర్ర కాగితం తీసేసి నీలం వేశారు. అది పండగ సీజన్ కాదు, కరువు సీజన్. నా దృష్టిలో మాత్రం అన్ని పండగ రేపర్ల కంటే విలువైనది అదే. యుద్ధం ముగిశాక కూడా కొంతకాలం ఆ నీలమే నడిచింది, తర్వాతే మళ్ళీ ఎరుపు వచ్చింది.

ఈస్టర్ గురించి: క్యాడ్‌బరీ క్రీమ్ ఎగ్ 1971 నుంచి ఆ పేరుతో వస్తోంది, అంతకుముందు ఫ్రైస్ పేరుతో వచ్చేది. ఇక్కడ అది జనవరి 1న షాపుల్లోకి దిగి ఈస్టర్‌తో మాయమైపోతుంది. ఫాయిల్ చాలా పల్చన, విప్పేటప్పుడే చిరుగుతుంది.

సందేహాల సత్తిబాబు
శనివారం, మధ్యాహ్నం 3:02

> ఏ కాగితం దాచినా

అడుగుతున్నానని ఏమీ అనుకోవద్దు. తిని పారేసే కాగితానికి ఇంత శ్రద్ధ ఎందుకండీ? స్టాంపులంటే ప్రభుత్వం వేసింది, నాణేలంటే లోహం. దీన్లో ఏముంది? నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నాను.

కాగితం వైద్యుడు
శనివారం, సాయంత్రం 4:30

సత్తిబాబు గారూ, మంచి ప్రశ్న. పాత పుస్తకాలు బాగుచేసే పని నాది, ఆ కోణంలో చెబుతాను. స్టాంపుని దాచాలని అందరికీ తెలుసు, అందుకే లక్షల్లో మిగిలాయి. పారేయడానికే పుట్టిన కాగితాన్ని ఎవరూ దాచరు, అందుకే మిగలదు. కానీ మామూలు మనుషుల ఇళ్ళలోకి, చేతుల్లోకి నిజంగా వెళ్ళినవి ఇవే. అప్పటి రంగులు, అచ్చు పద్ధతి, ధర, బరువు, భాష అన్నీ అరచేయంత చోట ఉంటాయి. స్విట్జర్లండ్‌లో టోబ్లర్ కంపెనీ 1911లోనే చాక్లెట్‌ని అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టింది. అంతకుముందు వాడింది తగరపు రేకు. ఆ మార్పు మనకు పుస్తకాల కంటే రేపర్లే సూటిగా చూపిస్తాయి.

ఇక దాచే పద్ధతి. చాలామంది అడుగుతుంటారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను.

మొదటి శత్రువు కొకోవా వెన్న. కంటికి కనపడని జిడ్డు మిగిలినా చీమలు, వెండి పురుగులు వస్తాయి, కొన్నేళ్ళకి కాగితం మీద పసుపు మచ్చ తేలుతుంది. ప్లాస్టిక్ రేపరైతే గోరువెచ్చటి నీళ్ళలో ఒక్క చుక్క సబ్బు వేసి దూదితో తుడిచి నీడన ఆరబెట్టండి. కాగితం, కాగితానికి అతికించిన ఫాయిల్ అయితే నీళ్ళు తగలనివ్వకండి, పొడి మెత్తటి గుడ్డతో అద్దండి చాలు. ఇస్త్రీ పెట్టె వద్దు. లామినేషన్ అసలే వద్దు, ఒకసారి చేస్తే వెనక్కి రాదు. సెల్లో టేపు వద్దు. మెత్తగా, వాసనొచ్చే పీవీసీ ఆల్బం కవర్లు కొన్నాళ్ళకి జిగురుపట్టి సిరాని లాగేస్తాయి. పాలిస్టర్ లేదా పాలీప్రొపిలీన్ కవర్లు కొనండి. మనవాళ్ళు అలవాటుగా కలరా ఉండలు వేసేస్తారు, రేపర్ల మధ్య అది కూడా వద్దు. వేపాకు బీరువాలో వేరే అరలో పెట్టుకోండి, తప్పులేదు. ఎండ తగిలితే ముందు వెలిసేది ఎరుపు.

పాత పారదర్శక కాగితం ఏదైనా దొరికితే ఇలా చూడండి: చిన్న ముక్క అరచేతిలో పెట్టుకోండి. అది తనంతట తాను మెలి తిరిగితే సెల్లోఫేన్. కలపగుజ్జు నుంచి చేసేది కాబట్టి చేతి తేమ పీల్చుకుంటుంది. కదలకుండా పడుంటే ప్లాస్టిక్ ఫిల్ము. సెల్లోఫేన్ బాగా పొడి చోట పెళుసెక్కి విరుగుతుంది, కాబట్టి సిలికా జెల్ పొట్లాలు దాని పక్కన కుక్కకండి.

భాగ్యనగరం బాలు
శనివారం, సాయంత్రం 5:10

సార్, ఇది ప్రింట్ తీసి బీరువా తలుపుకి అంటిస్త.

ఒక ప్రశ్న. ఫాయిల్‌ని గోటితో సాపు చేయాల్నా వద్దా? మేమంతా చిన్నప్పుడు గోటితో గీసి గీసి అద్దం లెక్క చేసినోళ్ళమే. ఇప్పుడు కొందరు మడతలుంటేనే అసలు అంటున్నరు.

న్యూజెర్సీ పద్మ
శనివారం, సాయంత్రం 6:00

బాలూ, నా పద్ధతి చెబుతాను. కిస్సెస్ ఫాయిల్ ఒక చదరపు ముక్క. దాని మధ్యభాగం చాక్లెట్ అడుగున ఉంటుంది, అంచులన్నీ పైకొచ్చి కొస దగ్గర చేరతాయి. అందరూ కాగితం పట్టీ పట్టుకుని లాగేస్తారు, ఫాయిల్ కొస దగ్గర చీలిపోతుంది. నేను పట్టీ ముట్టుకోను. కొస దగ్గర ముడతల్ని టూత్‌పిక్‌తో ఒక్కొక్కటే విప్పుకుంటూ కిందికి వస్తాను. పూర్తిగా విప్పాక మధ్యలో గుండ్రటి అచ్చు, దాని చుట్టూ నాలుగు దిక్కులా చీలిన ముడతలు కనిపిస్తాయి. మిషన్ ఆ ముక్కని ఎలా పట్టుకుని ఎలా మెలిపెట్టిందో ఆ ముడతల్లోనే రాసుంది. గోటితో రుద్దితే అది పోతుంది. అందుకే ఒకే డిజైన్ రెండు దాస్తాను. ఒకటి ముడతలతో, ఇంకోటి రెండు కాగితాల మధ్య పెట్టి చెంచా వెనకభాగంతో మెల్లగా సాపు చేసి. కాగితం పట్టీ కూడా పారేయను, రకాన్ని బట్టి దాని మీద అచ్చు మారుతుంది.

కాణిపాకం క్రాస్ రోడ్డు
శనివారం, సాయంత్రం 6:25

నేను ఒప్పుకోనక్కా. గోటితో రుద్దిందే మన ఊళ్ళ ముద్ర. ముప్పై ఏళ్ళ నాటి ఫాయిల్ మీద ఆ పిల్లోడి గోటి గీతలు కనిపిస్తే అది మిషన్ ముడత కంటే ఏం తక్కువ? కొత్తది దాచేటప్పుడు మీరు చెప్పినట్టే చేద్దాం. పాతది ఎట్లా దొరికిందో అట్లే ఉండనీండి, మడతలు విప్పేదీ వద్దు, రుద్దేదీ వద్దు.

కాగితం వైద్యుడు
శనివారం, సాయంత్రం 6:41

ఆ మాట నూటికి నూరుపాళ్ళు. మా పనిలోనూ మొదటి సూత్రం అదే.

కొలువు పెద్దమ్మ
శనివారం, రాత్రి 8:15

అమ్మాయ్ పద్మా, మీ మాటలన్నీ చదివాను. మాది రాజమండ్రి. మా ఇంట్లో సంక్రాంతి బొమ్మల కొలువు మా అత్తగారి నాటి నుంచి ఉంది. కొలువులో చెరువుకి అద్దం, చుట్టూ గట్టుకి వెండి కాగితం. ఆ వెండి కాగితం ఏడాది పొడుగునా పిల్లలు తిన్న చాక్లెట్లదే. గుమ్మానికి మా అత్తగారు కట్టిన తోరణం ఉంది, అదీ చాక్లెట్ కాగితాలదే. కాగితాన్ని సన్నగా ముడతలు ముడతలుగా మడిచి, మధ్యలో దారం బిగించి, రెండు పక్కలా విప్పితే సీతాకోకచిలుక అవుతుంది. ఒక సీతాకోకచిలుక, ఒక గొట్టం ముక్క, మళ్ళీ సీతాకోకచిలుక, అలా గుచ్చారు. పసుపు, గోధుమరంగు, ఆకుపచ్చ కాగితాలు. ఇప్పుడు మనవరాలు అంటోంది, నానమ్మా ఇవి విప్పి ఆల్బంలో పెట్టుకుంటానని. విప్పమంటారా?

లీడ్స్ నుంచి యానాం
శనివారం, రాత్రి 8:22

పెద్దమ్మా, విప్పొద్దు!! దణ్ణం పెడతాను. విప్పితే యాభై విడి కాగితాలు మిగులుతాయి, అవి ఇంకెక్కడైనా దొరకొచ్చు. మీ అత్తగారి తోరణం ఒక్కటే ఉంది.

భాగ్యనగరం బాలు
శనివారం, రాత్రి 8:30

నేను వేరే మాట చెప్త. తోరణం గుమ్మానికి వేలాడితే దుమ్ము, పొగ, ఎండ. ఇంకో పదేండ్లల్ల రంగంత పోతది. కొన్నింటి మీద పేర్లు కూడ కనబడవు, ముడతల లోపల్నే ఉన్నయి. కనీసం చివర ఉన్న రెండు మూడు విప్పి ఏ కంపెనీవో చూస్తే ఏ ఏండ్లదో తెలుస్తది కదా?

కాగితం వైద్యుడు
శనివారం, రాత్రి 9:05

విప్పకుండానే చూడొచ్చు బాలు గారూ. ముడతల మధ్య సెల్‌ఫోన్ టార్చి పక్కనుంచి కొట్టి ఫొటో తీస్తే సగం అక్షరాలు తెలుస్తాయి, మిగతా సగం పక్క సీతాకోకచిలుక మీద ఉంటుంది. దారం పుచ్చిపోయి ఊడిన ముక్కలు ఏవైనా ఉంటే వాటిని మాత్రం పరిశీలించండి. పెద్దమ్మగారూ, తోరణాన్ని గుమ్మం నుంచి దింపి, మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, చుట్ట చుట్టకుండా పొడుగాటి అట్టపెట్టెలో తెల్లటి నూలుగుడ్డ మీద పరిచి పెట్టండి. సంక్రాంతి మూడు రోజులూ పైకి తీసి కట్టుకోండి. మీ మనవరాలికి ఇంకో పని: ఇప్పుడు తింటున్నవాటితో కొత్త తోరణం కట్టమనండి, పెట్టె మూత లోపల ఏడు వేసి పెట్టమనండి.

కోకో తోట
శనివారం, రాత్రి 9:50

నాది ఏలూరు జిల్లా. కొబ్బరిలో అంతరపంటగా కోకో వేశాం. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన ఆంధ్రలోనే, చాలామందికి తెలీదు. కాయ కోసి, గింజ తీసి, గోనెపట్టాలు కప్పి వారం దాకా పులియబెట్టి, ఎండబెట్టి అమ్ముతాం. 2024లో ప్రపంచ మార్కెట్లో టన్ను 10,000 డాలర్లు దాటింది. తర్వాత పడిపోయింది, రైతులం రోడ్డెక్కాం. మీకు నేను చెప్పేదేంటంటే, రేపరు మీద బరువు చూడండి. ధర అలాగే ఉంచి బరువు తగ్గించడం ఈ వ్యాపారంలో మామూలే. పదేళ్ళ రేపర్లు వరసగా పెడితే గ్రాములు ఎలా కరిగాయో తెలుస్తుంది. మా గింజ ధర ఎక్కినప్పుడు మీ చాక్లెట్ చిక్కింది. అది రాసి పెట్టేవాళ్ళు మీరు తప్ప ఎవరూ లేరు.

న్యూజెర్సీ పద్మ
శనివారం, రాత్రి 10:10

అన్నయ్యా, ఈ దారంలో ఇంతవరకు వచ్చిన మాటల్లో నాకు ఇది చాలా ముఖ్యం అనిపించింది. మా పట్టికలో ఊరు, ఏడు, సందర్భం పక్కన బరువు, ధర అని రెండు గళ్ళు ఇవ్వాళే కలుపుతున్నాను.

బుజ్జిగువ్వ
ఆదివారం, ఉదయం 7:30

అందరికీ నమస్తే. నేను కొత్త. ఒంగోలులో అమ్మ పాత అట్లాస్‌లో ఒక టాఫీ కాగితం దొరికింది. మైనం కాగితం, పసుపు మీద ఎర్ర అచ్చు. కంపెనీ పేరు ఉన్నచోట చిరిగింది. కింద చిరునామా చివర మద్రాసు అనీ, దాని పక్కన ఆరంకెల పిన్ కోడ్ అనీ ఉంది. తేదీ లేదు. ఇది ఎప్పటిదో తెలుసుకోవచ్చా?

భాగ్యనగరం బాలు
ఆదివారం, ఉదయం 8:05

చెల్లె, తెలుస్తది. తేదీ లేకున్నా కాగితం మీద గుర్తులుంటయి. నేను వాడే లెక్క ఇది.

ఆరంకెల పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది, పిన్ కోడ్లు మొదలైందే ఆ రోజు. చిరునామాల బొంబాయి ఉంటే 1995కి ముందు, మద్రాసు ఉంటే 1996కి ముందు, కలకత్తా ఉంటే 2001కి ముందు. శాకాహారం ఆకుపచ్చ చుక్క ఉంటే 2001, ఆ తర్వాత. రూపాయి కొత్త గుర్తు ఉంటే 2010 జూలై తర్వాత. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్స్ నంబర్ ఉంటే 2011 అవతలికి. క్యాడ్‌బరీవి అయితే, ఆ కంపెనీ కొత్త పేరు మాండెలీజ్ ఇండియా అని ఉంటే 2014 నుంచి. హైదరాబాద్ చిరునామా పక్కన తెలంగాణ అని ఉంటే 2014 జూన్ 2 తర్వాతది. శ్రీసిటీల మాండెలీజ్ ఫ్యాక్టరీ 2016ల తెరిచిన్రు, చిరునామాల జిల్లా పేరుంటే చిత్తూరా తిరుపతా చూడు, 2022 ఏప్రిల్‌ల మారింది.

క్యాడ్‌బరీ డెయిరీ మిల్క్‌కు ఇంకోటుంది. 2003ల మహారాష్ట్రల పురుగుల ఫిర్యాదులొచ్చినంక, 2004 మొదట్ల ప్యాకింగ్ మార్చిన్రు. విడి ఫాయిల్, దాని మీద విడి కాగితం అయితే పాతది. వేడితో సీల్ చేసిన కవరైతే తర్వాతది.

అట్ల చూస్తే నీది 1972కి, 1996కి నడుమ.

లీడ్స్ నుంచి యానాం
ఆదివారం, ఉదయం 8:40

ఒక్క జాగ్రత్త బాలూ. ఊరి పేరు మారిన రోజే కంపెనీ రేపర్ మారదు, అచ్చు వేసిన చుట్టలు అయిపోయేదాకా పాతదే నడుస్తుంది. కాబట్టి చివరి ఏడుకి కొంచెం సందు వదలాలి. మొదటి ఏడు మాత్రం గట్టిది. 1972కి ముందు ఆరంకెల పిన్ ఉండే అవకాశమే లేదు.

ఇంగ్లండ్ కాగితాలకి: ధర పెన్నీ గుర్తు పాత 'డి' అక్షరంతో ఉంటే 1971 ఫిబ్రవరికి ముందు, 'పి' ఉంటే తర్వాత.

న్యూజెర్సీ పద్మ
ఆదివారం, ఉదయం 9:15

అమెరికావి: చిరునామాలో జిప్ కోడ్ ఉంటే 1963, ఆ తర్వాత. బార్ కోడ్ ఉంటే 1974 అటూ ఇటూ మొదలు. నల్ల గీతల గడిలో పోషక విలువల పట్టిక ఉంటే 1994 నుంచి. విడి విడి చిన్న చాక్లెట్ల మీద ఇవేవీ ఉండవు, పెద్ద సంచీ మీదే ఉంటాయి. కాబట్టి హాలోవీన్, క్రిస్మస్ సంచీలు కూడా మడిచి దాచండి, బాలు డబ్బాల గురించి చెప్పిందే ఇక్కడా వర్తిస్తుంది.

బుజ్జిగువ్వా, అమ్మగారిని ఒకమాట అడుగు. ఆ అట్లాస్ ఏ తరగతిలో కొన్నారో, అందులో దేశాల పేర్లు ఎలా ఉన్నాయో. అక్కణ్ణించి ఇంకొంచెం దగ్గరికి రావచ్చు.

బుడాపెస్ట్ విద్యార్థి
ఆదివారం, ఉదయం 10:00

హంగరీలో చదువుకుంటున్నాను. ఇక్కడ క్రిస్మస్ చెట్టుకి వేలాడదీసే చాక్లెట్లు ఉంటాయి, సలోన్‌త్సుకోర్ అంటారు. లోపల కుచ్చులు కత్తిరించిన తెల్ల కాగితం, పైన మెరిసే ఫాయిల్, రెండు కొసలకీ మెలి. పిల్లలు చెట్టు మీదే మెల్లగా విప్పి లోపలిది తినేసి, కాగితాన్ని మళ్ళీ ఉబ్బుగా చుట్టి అక్కడే వదిలేస్తారు. చెట్టు దింపే రోజుకి సగం ఖాళీవే! పెద్దవాళ్ళందరికీ తెలుసు, ఎవరూ ఏమీ అనరు. ఈ డిసెంబరులో కొసలు చెదరకుండా కొన్ని దాచి పంపగలను. ఎవరికి కావాలి?

కాణిపాకం క్రాస్ రోడ్డు
ఆదివారం, ఉదయం 10:12

నాకు! బదులుగా న్యూట్రిన్ కాగితాలు పంపిస్తా, డబుల్ ఉండేవి చానా ఉన్నాయి.

సందేహాల సత్తిబాబు
ఆదివారం, ఉదయం 11:30

నిన్న అడిగిన ప్రశ్నకి జవాబు దొరికిందండీ. మా ఇంట్లో మా నాన్నగారి ట్రంకు పెట్టెలో పాత సిగరెట్ ఫాయిళ్ళు, టాఫీ కాగితాలు కట్టగా ఉన్నాయి. వచ్చే వారం ఊరెళ్తున్నాను. విప్పకుండా, రుద్దకుండా, ఉన్నవి ఉన్నట్టు ఫొటోలు తీసి ఇక్కడ పెడతాను. అమ్మితే ఏమైనా వస్తుందా అని మా తమ్ముడు అడుగుతున్నాడు.

నిర్వాహకులు
ఆదివారం, మధ్యాహ్నం 12:05

ఈ దారంలో ధరలు, అమ్మకాలు వద్దు, మార్పిడి మాత్రమే. చిరునామాలు ఇక్కడ బయటపెట్టకుండా ప్రైవేటు సందేశంలో పంపుకోండి. పోస్టులో పంపేటప్పుడు రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, అట్టలకే టేపు వేయండి, కాగితానికి కాదు.

బుజ్జిగువ్వ
ఆదివారం, మధ్యాహ్నం 2:20

అమ్మని అడిగాను. అట్లాస్ ఎనిమిదో తరగతిలో కొన్నారట, 1979లో. కాగితం తనే పెట్టుకున్నానంది, జనవరి 26న బడిలో ఇచ్చిందట, కానీ ఏ ఏడాదో గుర్తులేదు. కవరు మీద ఇలా రాశాను, సరిపోతుందా చూడండి: ఒంగోలు, రిపబ్లిక్ డే, 1979 లేదా 1980 కావచ్చు, అమ్మ చెప్పింది, మద్రాసు కంపెనీ, బరువు ధర లేవు.

కాగితం వైద్యుడు
ఆదివారం, మధ్యాహ్నం 2:45

చక్కగా ఉంది. 'కావచ్చు' అన్న మాట తీసేయకండి, రేపు చదివేవాళ్ళకి అదీ కావాలి. కవరు మీద పెన్సిల్‌తోనే రాయండి, బాల్ పెన్ సిరా లోపలికి దిగుతుంది. కాగితం కవరులో పెట్టే ముందే రాసేయండి, పెట్టాక రాస్తే ఒత్తుకి మైనం మీద గీత పడుతుంది. ఆ అట్లాస్ పేజీ నంబర్ కూడా వేయండి.